పొరుగువానికి చెప్పవలసిన లెక్క

విశాఖపట్టణములో గోపాలపట్నము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురమునందలి ఎల్.జి. పాలిమర్స్ సంస్థవారు 2019 మే నెలలో రాష్ట్రస్థాయి పర్యావరణ అధికారులకు ఒక ప్రమాణపత్రమును సమర్పించుచు, తాము చేయుచున్న ఉత్పత్తి పరిమాణమునకు తగిన పర్యావరణానుమతి తమకు లేదని తామే వ్రాసి యిచ్చిరి. ఏడాది తిరుగునప్పటికి, 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, ఆ కర్మాగారములోని ఎం-6 అను ట్యాంకునుండి స్టైరీన్ ఆవిరి వెలువడి, గాలికన్న బరువైనదగుటచే నేలనంటి పాకుచు, నిద్రలోనున్న ఇండ్లలోనికి జొరబడి 12 మందిని పొట్టన పెట్టుకొన్నది. నడచుచున్నవారు నడచుచునే వీథిలో కూలిపోవుట మనమందరము చూచితిమి. సంస్థవారు వ్రాసియిచ్చిన ఆ పత్రము మాట వెలుగులోనికి వచ్చినది అటుపిమ్మటనే, అదియు పత్రికల మూలముననే.

అనగా, చెప్పవలసినవారు చెప్పలేదని ఈ విషయమున నిందింప వీలులేదు. చెప్పిరి, చెప్పిన మాట ఒక కార్యాలయములోని దస్త్రమును చేరి అక్కడనే నిలిచిపోయినది. రసాయన కర్మాగారము తన గోడల లోపల ఏమి నిలువచేసినదో, గాలిలోనికి ఏమి వదలుచున్నదో ప్రభుత్వమునకు నివేదించుట ఎంత అవసరమో, ఆ నివేదిక ఆ గాలిని పీల్చువాని చేతికి అందుట అంతకంటె అవసరమనియు, అందనినాడు నివేదించిన ప్రయోజనములో సగపాలైనను నెరవేరదనియు నా దృఢమైన అభిప్రాయము.

మన దేశమున ఇందుకు చట్టములు లేవనుట సరికాదు. భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు 41-బి సెక్షనును చేర్చి, ప్రమాదకరమైన ప్రక్రియలు నడపు యజమాని ఆ ప్రమాదముల వివరములను కార్మికులకును, ఇన్‌స్పెక్టరుకును, స్థానిక సంస్థకును, పరిసరములందలి ప్రజలకును తెలుపవలెనని శాసించిరి. 1989 నాటి ప్రమాదకర రసాయనముల నిబంధనలు పెద్ద ప్రమాదమేదైన జరిగినచో 48 గంటలలో అధికారులకు తెలుపవలెననియు, ప్రమాదమునకు లోనుకాగల పొరుగువారికి ముందుగానే జాగ్రత్తలు చెప్పియుంచవలెననియు విధించుచున్నవి. కాని వెంకటాపురమున కర్మాగారమునందు సైరను మోగించుటకు 36 చోట్ల ఏర్పాటుండియు ఆ రాత్రి ఒక్కచోటనైనను మోగింపలేదని రాష్ట్ర ప్రభుత్వము నియమించిన ఉన్నతస్థాయి సంఘము తేల్చినది. పొరుగువారికి జాగ్రత్తలు చెప్పవలెనన్న నిబంధన నిజముగా పాటింపబడుచున్నదో లేదో తెలిసికొనుటకు పెద్ద పరిశోధన అక్కరలేదు. పరవాడ ఫార్మా సిటీ చుట్టునున్న ఏ పల్లెకైనను పోయి, గాలిలో ఘాటు వాసన వచ్చినప్పుడు ఏమి చేయుమని మీకు చెప్పిరని నలుగురిని అడిగిన చాలును.

ఇక నిత్యము వెలువడు కాలుష్యమునకు సంబంధించిన నివేదిక వేరుగా నున్నది. పర్యావరణ పరిరక్షణ నిబంధనల 14వ నియమము ననుసరించి అనుమతి పొందిన ప్రతి పరిశ్రమయు, మార్చితో ముగిసిన ఆర్థిక సంవత్సరమునకు గాను, సెప్టెంబరు 30వ తేదీలోగా ఫారం-5 అను పర్యావరణ వివరణ పత్రమును కాలుష్య నియంత్రణ మండలికి సమర్పింపవలెను. నీరెంత వాడితిరి, ముడిపదార్థములెన్ని వాడితిరి, గాలిలోనికిని నీటిలోనికిని ఏమి వదలితిరి, ప్రమాదకర వ్యర్థములెన్ని పుట్టినవి అని ఆ పత్రము వరుసగా అడుగును. చూచుటకు సమగ్రముగానే యున్నది. కాని వదలినదాని లెక్కను చెప్పవలసిన భాగమున ఒక చిన్న షరతు గలదు: అనుమతిపత్రములో పేర్కొన్న అంశములను గూర్చి మాత్రమే చెప్పిన చాలును. అనుమతిపత్రమునందు ధూళి, గంధకపు ఆమ్లవాయువు, నత్రజని ఆక్సైడులు అను మూడు పేర్లే యున్నయెడల ఆ మూడింటి లెక్కయే వ్రాయుదురు. ఆ కర్మాగారమున టోల్యూయిన్, మిథిలీన్ క్లోరైడ్ వంటి సాల్వెంటులు, అనగా కరిగించు ద్రవములు, పీపాలకు పీపాలు వాడుచున్నను అవి గాలిపాలైన కథ ఆ పత్రమునకు ఎక్కనక్కరలేదు.

ఇది ఎంతటి లోపమో గ్రహింపవలెనన్న ఒక బల్క్ డ్రగ్స్ కర్మాగారము లోపలి పనిని కొంచెము దగ్గరగా చూడవలెను. జీడిమెట్ల, బొల్లారము, పాశమైలారము, పరవాడ, అచ్యుతాపురము ప్రాంతములలోని యూనిట్లలో మందుబిళ్ళకు మూలమైన పొడి తయారగుటకు ముందు ఆ పదార్థము పలుమార్లు సాల్వెంటులలో కరగి, మరల స్ఫటికమై, వడకట్టబడును. పీపా మూత తీసి సాల్వెంటును రియాక్టరులోనికి తోడునప్పుడు కొంత ఆవిరియగును. రియాక్టరునుండి సెంట్రిఫ్యూజులోనికి దింపి తిప్పునప్పుడు మరికొంత. సెంట్రిఫ్యూజు మూత తీసి తడిముద్దను చేటలతో తోడి ట్రే డ్రయ్యరులో పరచునప్పుడు ఇంకను కొంత. ఆ డ్రయ్యరునుండి వెలువడు వేడిగాలితో మిగిలినది. ఈ ఆవిరులలో ఏదియు, మనము బయటినుండి చూచి పొగగొట్టమని పిలుచు బాయిలరు చిమ్నీగుండ పోదు. కంప్యూటరునకు అనుసంధించిన నిరంతర పరిశీలన యంత్రమును సాధారణముగా బిగించునది మాత్రము ఆ చిమ్నీకే. 2014లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 17 రకముల తీవ్ర కాలుష్య పరిశ్రమలకు ఇట్టి యంత్రములు పెట్టుమని ఆదేశించుటయు, 2017లో సుప్రీంకోర్టు ఆ కొలతలను ప్రజలకు కనబడునట్లు ఉంచుమని చెప్పుటయు నిస్సంశయముగా మంచి పనులే. కాని అవి చూపునది బొగ్గు మండించిన పొగ లెక్క. మందు తయారైన లెక్క కాదు. కొన్నిచోట్ల ప్రహరీవద్ద ఆవిరులను పసిగట్టు మీటర్లు పెట్టుచున్నారు గాని, అవి అన్ని ఆవిరులను కలిపి ఒకే అంకెగా చూపునే తప్ప అది ఏ రసాయనమో చెప్పజాలవు.

కొలవవలసినచోట కొలువకుండుట ఎంత ఘోరమునకు దారితీయునో ఎం-6 ట్యాంకే నిదర్శనము. ఉన్నతస్థాయి సంఘము కనుగొన్న సంగతులలో ఒకటి ఏమనగా, ఆ ట్యాంకు ఉష్ణోగ్రతను అడుగుభాగమునందు మాత్రమే కొలుచుచుండిరి. నడుమగాని పైభాగమునగాని కొలుచు సాధనమే లేదు. పైన స్టైరీన్ కాగిపోవుచుండగా క్రింది అంకెలు నిమ్మళముగానే యుండెను. ఆ అంకెలు అబద్ధములు కావు, అవి రావలసినచోటినుండి రాలేదు. మన వార్షిక నివేదికలలోని అంకెలలో పెక్కింటిని గూర్చియు నాకు ఇదే భయము.

సాల్వెంటు నష్టమును కొలుచుట కష్టమని కొందరందురు. ఖరీదైన యంత్రమేదియు లేకుండనే ఈ లెక్క తేల్చవచ్చును. ఏడాదిలో ఎంత కొన్నారో బిల్లులలో నుండును. ఏడాది మొదట ఎంత నిలువయుండెనో, ఎంత వ్యర్థముగా సిమెంటు ఫ్యాక్టరీలకు పంపిరో, మురుగునీటిలో ఎంత పోయినదో, సంవత్సరాంతమున ఎంత మిగిలినదో స్టోర్సు రిజిస్టరులును ప్రయోగశాల పుస్తకములును చెప్పును. ఇల్లాలు నెలాఖరున నూనెడబ్బా చూచి ఖర్చు లెక్కకట్టినట్లు, మొదట ఉన్నదానికి వచ్చినది కలిపి, అందునుండి కనబడునదియెల్ల తీసివేయగా కనబడనిది గాలిలో కలిసినదని అర్థము. ఈ లెక్కను యాజమాన్యములు తమ లాభనష్టములకై ఇప్పటికే వేసికొనుచున్నవి.

అమెరికావారు తమ చట్టమున చేసినది ఇంచుమించు ఇదియే, దానికి కారణమైనది మన భోపాల్. 1984 డిసెంబరు 2, 3 తేదీల నడిమి రాత్రి యూనియన్ కార్బైడ్ కర్మాగారమునుండి సుమారు 40 టన్నుల మిథైల్ ఐసోసయనేట్ వెలువడి వేలమందిని బలిగొన్నది. 1985 ఆగస్టులో అదే కంపెనీకి పశ్చిమ వర్జీనియాలోనున్న కర్మాగారమున వేరొక విషవాయువు లీకై నూరుమందికి పైగా ఆసుపత్రి పాలుకాగా, భోపాల్ తమ గడపలోనికే వచ్చునేమోయను భయము అక్కడి చట్టసభను కదిలించినది. 1986 అక్టోబరులో వెలసిన చట్టము ప్రకారము పదిమంది మొదలు ఆపై సిబ్బంది గలిగి, జాబితాలోని రసాయనమును నిర్ణీత పరిమాణమునకు మించి తయారుచేయు లేక వాడు ప్రతి కర్మాగారమును, ఒక్కొక్క రసాయనమునకు ఒక్కొక్క పత్రముచొప్పున, చిమ్నీగుండ పోయినది ఎంత, మూతలనుండియు కీళ్ళనుండియు కారిపోయినది ఎంత అని వేర్వేరుగా, ఏటేట జూలై 1లోగా చెప్పవలెను. ఆ లెక్కలను ఎవరైనను కంప్యూటరు ద్వారా చూచుకొనునట్లు ఉంచవలెనని 1986లోనే శాసించిరి! ఒక్క కిలో విషమునైనను తగ్గింపుమని చట్టములోని ఈ నివేదికల భాగము ఆదేశింపలేదు. ఎంత వదలితిరో చెప్పుడని మాత్రమే అడిగినది. అయినను మొదటి లెక్కలు అప్పగింపవలసిన గడువునకు ముందురోజున, 1988 జూన్ 30న, మొన్సాంటో కంపెనీ అధిపతి రిచర్డ్ మహోనీ తమ కర్మాగారములు గాలిలోనికి వదలు విషపదార్థములను 1992 ముగియులోగా 90 శాతము తగ్గింతుమని ప్రకటించెను. అప్పటివరకు ఆ అంకె తెలియక కాదు, ఊరివారు చదువబోవుచున్నారని తెలిసిన తరువాతనే ఆ సంకల్పము కలిగినది.

ఆ విధానము నిర్దుష్టమని నేననను. అంకెలు కంపెనీలు తామే అంచనా వేసి చెప్పునవి. కొలిచి తీరవలెనన్న నిర్బంధము లేదు. లెక్కకట్టు పద్ధతిని మార్చి కాగితముపై కాలుష్యమును తగ్గించుకొన్నవారును ఉండవచ్చును. కాని బహిరంగమైన అబద్ధమును ఎవరైనను పట్టుకొనవచ్చును. దస్త్రములోని అబద్ధమును పట్టుకొనువారు లేరు. భోపాల్ చావులనుండి పుట్టిన ఈ హక్కు 40 ఏండ్లు గడచినను, రసాయనమువారీ బహిరంగ పట్టికగా భోపాల్ ఉన్న దేశమునకు ఇంకను రాలేదనుట తలచినప్పుడెల్ల నాకు సిగ్గుగా నుండును.

వ్యాపార రహస్యములు బయటపడునను అభ్యంతరము తరచుగా వినబడును. తయారీ విధానము రహస్యము కావచ్చును గాని, నా ముక్కుపుటములలోనికి వచ్చినది నాకు రహస్యమెట్లగును? అమెరికా చట్టమున నిజమైన రహస్యమని రుజువు చూపినవారు రసాయనము పేరునకు బదులు దాని వర్గము పేరు చెప్పవచ్చును. పరిమాణమును మాత్రము దాచరాదు. మన సమాచార హక్కు చట్టమునందును వాణిజ్య రహస్యమునకు మినహాయింపు ఉన్నను, విశాల ప్రజాప్రయోజనము దానిని మించునప్పుడు వెల్లడింపవలసినదే. ప్రజలు భయపడుదురని మరికొందరందురు. తెలియకపోవుటవలన కలుగు భయముకంటె తెలిసి కలుగు భయము మేలు. పాశమైలారము ప్రక్క ఊళ్ళలో “రాత్రి గ్యాస్ విడిచిండ్రు సార్” అని ఫోను చేసినవానికి, మరునాడు పదిగంటలకు వచ్చిన అధికారి వాసన లేదని వ్రాసికొని పోవుటకంటె, విడిచినది ఏదియో తెలియుట వెయ్యి రెట్లు మేలు.

పరిశ్రమలు వలదని నేననుట లేదు. హైదరాబాదు మందులు ప్రపంచమంతటికి పోవుచున్నవి, వేలాది కుటుంబములు వానిపై బ్రతుకుచున్నవి. ఆ బ్రతుకులకే ఈ లెక్క మొదట కావలెను. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురములోని ఎసెన్షియా కర్మాగారమున 17 మందిని చంపినది కారిన సాల్వెంటు ఆవిరికి నిప్పంటుకొనుటయే గదా. కారుచున్నదానిని ఏడాది పొడుగున లెక్కింపవలసివచ్చిన యాజమాన్యము కీళ్ళను బిగింపక మానదు.

2023 నాటి జన విశ్వాస్ చట్టము పర్యావరణ చట్టములోని కారాగార శిక్షను చాలవరకు తొలగించి, 10 వేల నుండి 15 లక్షల రూపాయల జరిమానాను దాని స్థానమున నిలిపినది. జైలు భయము పోయిన తరువాత పొరుగువాని కన్ను తప్ప అదుపుచేయునది ఇంకేమి మిగిలినది?

ఇందుకై పార్లమెంటు క్రొత్త చట్టము చేయువరకు వేచియుండనక్కరలేదు. 1981 నాటి వాయు చట్టము 17వ సెక్షనున రాష్ట్ర మండలి విధులను చెప్పుచు, వాయు కాలుష్యమునకు సంబంధించిన సమాచారమును సేకరించుటతోపాటు వ్యాప్తి చేయుటను గూడ స్పష్టముగా పేర్కొన్నది. అడుగకముందే సమాచారమును వెల్లడింపుమని సమాచార హక్కు చట్టము 4వ సెక్షను ప్రతి ప్రభుత్వ కార్యాలయమును ఆజ్ఞాపించుచున్నది. కనుక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మండలులు రెండును ఈ సెప్టెంబరు 30లోగా తమకు చేరు ఫారం-5 పత్రములను అక్టోబరు ముగియకముందే కర్మాగారమువారీగా తమ వెబ్‌సైటులందు ఉంచవలెను. సాల్వెంటులు వాడు ప్రతి యూనిట్ అనుమతిపత్రమున ఆ సాల్వెంటుల పేర్లను చేర్చి వాని నష్టమును కిలోలలో చెప్పుమని షరతు విధింపవలెను. ఆ లెక్కను, ఆ రసాయనము తగిలినప్పుడు శరీరమునకు కలుగు బాధను, వెంటనే చేయవలసిన పనిని ఒక్క పుటలో తేట తెలుగున వ్రాయించి, ఆంధ్రలో గ్రామ సచివాలయములందును, తెలంగాణలో పంచాయతీ కార్యాలయములందును గోడకు అంటింపవలెను. పరవాడ, అచ్యుతాపురము, జీడిమెట్ల, పటాన్‌చెరువులతో మొదలుపెట్టినచో ఈ సంవత్సరమునకు చాలును.