ఖనిజం ఎక్కిన ఓడ మనమెందుకు ఎక్కకూడదు?

బైలడిల్లా ఇనుప ఖనిజం అరకు మీదుగా రైల్లో విశాఖ రేవుకొచ్చి, ఓడెక్కి జపాన్ దాకా పోయింది. ఆ ఓడల్లో ఉద్యోగం ఎలా వస్తుందో మన కుర్రాళ్లకు చెప్పినవాళ్లే లేరు.

ఇంటర్ ఎంపీసీ చదివిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ ఐఎంయూ సెట్ రాయొచ్చు. ఇండియన్ మారిటైమ్ యూనివర్సిటీ కేంద్ర విశ్వవిద్యాలయం. అక్కడ ఎస్టీలకు 7.5 శాతం సీట్లు మన హక్కు. టెన్త్ పాసైనవాళ్లకు 6 నెలల జీపీ రేటింగ్ శిక్షణ ఉంది.

ఒక్కటి గుర్తుంచుకోండి. ఓడలో ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు తీసుకోవడం చట్టవిరుద్ధం. పొలం తాకట్టు పెట్టి దళారికి లక్షలు పొయ్యొద్దు. ఏజెంటుకి ఆర్‌పీఎస్‌ఎల్ లైసెన్సు ఉందో లేదో డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో ముందే చూసుకోండి.

సీటు హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు. కోచింగూ, శిక్షణ ఫీజూ ఐటీడీఏనే భరించాలి. అందరం కలిసి అడుగుదాం.