ఫలితాల రోజు సైటు ఎందుకు పడిపోతుంది?

పదో తరగతి ఫలితాలు ప్రకటించిన నిమిషానికే సైటు తెరుచుకోదు. పోయినసారి మన పిల్ల ఒకతె ఫోనులో 503 అని చూసి, తన నంబరు జాబితాలో లేదనుకుని ఏడ్చింది. 503 అంటే సర్వరు ప్రస్తుతం పని అందుకోలేకపోతోందని అర్థం, అంతే. మార్కులకూ దానికీ సంబంధం లేదు. ఈ మాట ఇంట్లో పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

లోపల జరిగేది ఇది. వచ్చిన ప్రతి మనిషికీ సర్వరు కొంత మెమరీ ఖర్చు పెడుతుంది. ఒక్కసారిగా లక్షలమంది వస్తే అది అయిపోతుంది. లినక్స్ యంత్రమైతే అప్పుడు బాగా మెమరీ తింటున్న ప్రోగ్రామును తానే ఆపేస్తుంది. చాలాసార్లు ఆగిపోయేది మార్కులున్న డేటాబేసే. కంగారులో రీస్టార్టు చేస్తారు. బయట జనం అలాగే ఉన్నారు కదా, మళ్లీ పడుతుంది. ముందు లాగ్ చదవాలి: మెమరీ చాలలేదా, డిస్కు నిండిందా? మెమరీయే అయితే ఒకేసారి లోపలికి రానిచ్చేవాళ్ల సంఖ్య తగ్గించాలి. విడ్డూరంగా ఉంటుంది గానీ, మన మధ్యాహ్న భోజనం వరుస నడిచేదీ అలాగే.

నడుస్తున్న యంత్రం మీద తొందర ఎంత ప్రమాదమో గిట్‌ల్యాబ్ కంపెనీ 2017 జనవరి 31న చూసింది. రాత్రిపూట మరమ్మతు చేస్తున్న ఇంజనీరు, రెండో యంత్రం అనుకుని అసలు డేటాబేసునే చెరిపేశాడు. సుమారు 300 జీబీలో 4.5 జీబీ మిగిలింది. బ్యాకప్పులు చూస్తే పనిచేయడం లేదు. ఆరు గంటల ముందు ఎవరో చేత్తో తీసి ఉంచిన నకలు ఆదుకుంది. జరిగినదంతా వాళ్లు దాచకుండా బయటపెట్టారు, అది మెచ్చుకోవాలి.

నన్నడిగితే ఫలితాల విషయంలో తప్పు ఆ రోజుది కాదు, ముందటి నెలది. తేదీ తెలుసు, పిల్లల సంఖ్య తెలుసు, మార్కులు ఆ పూట మారవు. అడిగిన ప్రతిసారీ డేటాబేసులో వెతికించే బదులు పేజీలు ముందే తయారుచేసి పెట్టొచ్చు. సీబీఎస్ఈ డిజిలాకర్‌లో కూడా ఇస్తోంది, కొంత భారం అటు పోతుంది.

మీరు మాత్రం ఊరికే రిఫ్రెష్ నొక్కకండి, ప్రతి నొక్కూ ఇంకో మనిషి వచ్చినట్టే లెక్క. హాల్ టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఫోను నంబరు ముందురోజే ఆఫీసులో రాసిచ్చి వెళ్లండి. సైటు తెరుచుకోగానే మా టీచర్లు చూసి ఫోను చేస్తారు.