మడత ఫోను – మంచీ చెడ్డా

విజ్ఞానశాస్త్రం మానవుని చేతికిచ్చిన పనిముట్లలో సెల్‌ఫోనంత త్వరగా పాతబడేది మరొకటి లేదేమో! మా తాత పట్టిన కొడవలి మా నాన్న పట్టాడు. సెల్‌ఫోను మాత్రం నాలుగైదేళ్ళు తిరక్కుండానే మూలన పడుతుంది. అలా మా ఇంట్లో ట్రంకుపెట్టెకు చేరిన ఒక మడత ఫోను గురించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. "సావనీరుకు రాయడానికి ఇంతకన్న విషయం దొరకలేదా?" అని మిత్రులు నవ్వవచ్చు. మాది దివిసీమలో వ్యవసాయ కుటుంబం. ఆ ఫోను చేసిన మేలూ, చేసిన కీడూ మాకు చేలోనే తెలిశాయి. అందుకే రాస్తున్నాను.

ముందుగా కాస్త చరిత్ర. 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ అనే మోటరోలా ఇంజనీరు న్యూయార్కు వీధిలో నిలబడి, చేత్తో పట్టుకునే సెల్‌ఫోనులో మొట్టమొదట మాట్లాడాడు. దాని బరువు కిలో పైమాటే. 1996లో అదే కంపెనీ స్టార్‌టాక్ అనే మడత ఫోను తెచ్చింది. బరువు 88 గ్రాములు. 2004లో వచ్చిన రేజర్ వి3 మందం 14 మిల్లీమీటర్ల లోపే. మన దేశంలో 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్రమంత్రి సుఖ్‌రాంతో మాట్లాడటంతో సెల్‌ఫోను మొదలయింది. అయితే ఆ రోజుల్లో ఫోను చేసినవాడికే కాదు, ఎత్తినవాడికీ ఖర్చే. 2003లో ఆ పద్ధతి పోయాకనే అది మా బోటి రైతుల జేబుల్లోకి వచ్చింది.

ఇంతకీ ఫోనును మడవడం దేనికి? మన చెవికీ నోటికీ మధ్య దూరం ఎవరూ తగ్గించలేరు. ఫోను ఆ రెంటికీ అందాలి, జేబులోనూ పట్టాలి. మధ్యలో కీలు పెట్టి మడిస్తే రెండూ కుదురుతాయి. మూతలో చిన్న అయస్కాంతం, అడుగుభాగంలో దాన్ని పసిగట్టే మీట ఉంటాయి. మూత వేయగానే అయస్కాంతం దగ్గరపడుతుంది, సంభాషణ తెగిపోతుంది. భౌతికశాస్త్రం పుస్తకంలో హాల్ ఎఫెక్టు చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా నాన్న ఫోను టపీమని మూసే చప్పుడే.

ఆ ఫోను గుడివాడలో ఉండే మా మావయ్య 2005లో కొన్నాడు. కొన్నేళ్ళు వాడుకుని, కొత్తది కొనుక్కుని, దీన్ని మా నాన్నకిచ్చాడు. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. నాన్న దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. కాలవకి నీళ్ళొదిలారా అని లస్కరుని అడగాలన్నా, నారు తీయడానికి కూలీలు ఎంతమందొస్తారో కనుక్కోవాలన్నా అదే. గట్టు మీద నిలబడి, బురద చేత్తోనే బొటనవేలితో మూత తెరిచేవాడు. మీటల మీద మూత ఉంటుంది కాబట్టి జేబులో దానంతటది ఎవరికో ఫోను పోవడమన్నది లేదు. ఒకసారి పంటకాలవలో పడింది. బ్యాటరీ ఊడదీసి, రెండ్రోజులు ఎండబెడితే మళ్ళీ పలికింది! అన్నిటికంటే పెద్ద గుణం – మాట అయిపోగానే మూసేవాడు. మూశాడంటే ఇక ఆ ఫోనుతో పని లేదు. అన్నం దగ్గర మా వంక చూసే తినేవాడు.

ఇక చెడు. 2013 నవంబరులో హెలెన్ తుపాను వచ్చింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కోసిన వరి పనల మీదుంది. దానికి వారం ముందునుంచే ఫోను తెర నల్లబడిపోయింది. మూత వేలసార్లు తెరిచి మూయడంతో కీలులోంచి పైభాగానికి వెళ్ళే పల్చటి స్ట్రిప్పు తెగింది. చెవికి వినిపించే భాగం పైన ఉంటుంది, నోటి మాట అందుకునేది కింద ఉంటుంది. కనుక ఫోను మోగుతుంది, నాన్న మాట అవతలికి పోతుంది, అవతలి మాట మాత్రం నాన్నకు వినబడదు. "కోతలయ్యాక చూద్దాంలే" అని బాగుచేయించడం వాయిదా వేశాడు.

తుపాను మన వైపే వస్తోందని టీవీలో చూసి మావయ్య ఫోను చేశాడు. "బావా, పనలు ఎత్తి కుప్పెయ్యి" అని అరుస్తున్నాడట. ఇక్కడ నాన్న, "ఒరేయ్, నాకేం వినబడ్డంలేదురా, ఏం చెబుతున్నావో" అని అంతకన్న గట్టిగా అరుస్తున్నాడు. మూడుసార్లు అలాగే జరిగింది. మావయ్య మెసేజీ పంపాడు. తెర లేనిదే మెసేజీ ఏం చదువుతాడు? చివరికి మావయ్య పక్కింటి బాబాయికి ఫోను చేస్తే, ఆయన పరుగెత్తుకొచ్చి చెప్పాడు. అప్పటికి పొద్దు వాలింది. ఇంటిల్లిపాదీ లాంతర్లు పట్టుకుని సగం చేను కుప్ప వేశారు. నవంబరు 22న మచిలీపట్నం దగ్గర తుపాను తీరం దాటింది. మిగతా సగం నీళ్ళలో నాని కంకి మీదే మొలకెత్తింది. తరవాత గుడివాడలో ఒక రిపేరు కుర్రాడు నూటయాభై రూపాయలకి, అరగంటలో ఆ స్ట్రిప్పు మార్చేశాడు. నూటయాభై రూపాయల పని వాయిదా వేసినందుకు సగం పంట పోయింది!

అయితే స్ట్రిప్పు బాగున్న రోజుల్లో మాత్రం ఆ ఫోనుకి తెలుగొచ్చా? రాదు. తెలుగులో మెసేజీ వస్తే వరసగా ఖాళీ గడులు కనబడేవి. ఇంగ్లీషులో వస్తే నాన్న నాకు చూపించి "ఏముందిరా?" అనేవాడు. రైతుకి చదవరాని అక్షరాల్లో వచ్చే హెచ్చరిక ఏం హెచ్చరిక? ఆ ఫోనులో నాకు కనబడిన అసలు లోపం ఇదే. కీలు తెగితే అతికించవచ్చు, భాషకి మాత్రం ఏ రిపేరు షాపులోనూ స్ట్రిప్పు దొరకదు.

మా సీమలో హెచ్చరిక అంటే తేలిక మాట కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన గురించి మా తాత చెబుతుంటే మేం కదలకుండా కూర్చునేవాళ్ళం. పదివేల మందికి పైగా పోయారు. స్తంభాలు కూలి, తీగలు తెగి, దివిసీమలో ఏం జరిగిందో బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. సమయానికి అందిన ఒక్క మాట విలువ ఎంతో మా ఊళ్ళకి తెలుసు.

మరి ఈనాటి స్మార్టుఫోను వచ్చాక కష్టాలు తీరాయా? కొన్ని తీరాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు ముందే నాన్న ఫోనులో తెలుగులో కబురొచ్చింది, స్వయంగా చదువుకున్నాడు. అది చూసి నాకెంత సంతోషమయిందో! కాని దానితోపాటే ఏవో పాత ఉప్పెన వీడియోలు, ఎవరో కల్పించిన వదంతులు ఇరవై వచ్చి పడ్డాయి. "ఇందులో నిజమేదిరా?" అని నాకు హాస్టలుకి ఫోను చేశాడు. అప్పుడు మాట అందలేదు, ఇప్పుడు మాటలు ఎక్కువై ఏది నమ్మాలో తెలియలేదు. పైగా ఈ ఫోనుకి మూత లేదు. రేజర్‌లో బ్యాటరీ 680 మిల్లీ ఆంపియర్ అవర్లు. ఇప్పటి ఫోన్లలో 5000 మామూలు. అయినా రోజూ చార్జింగు పెట్టందే గడవడంలేదు. మనం దాన్ని మూయడమే లేదు కనుక! లెక్చరరుగారు పాఠం చెబుతుంటే బల్లకింద మన వేళ్ళు ఏం చేస్తుంటాయో నేను వేరే చెప్పాలా? నేనూ అందుకు మినహాయింపు కాను.

కాబట్టి పాతదే బంగారమని నేననను. తెలుగు చదవగల ఫోనును వదిలేసి గడులు చూపించే ఫోను పట్టుకోమని మా నాన్నకి చెప్పలేను. కొత్తదంతా ప్రగతి అనీ అనలేను. బ్యాటరీ చేత్తో ఊడిరావడం, అరగంటలో బాగుపడటం, పని కాగానే మూతపడటం – ఈ మూడు గుణాలూ పాత ఫోనుతోనే పోనక్కరలేదు. వాటిని అడిగి సాధించుకోవలసిన బాధ్యత కొనేవాళ్ళది, అంటే మనది. ఇక తుపాను కబురంటారా, అది ఒక్క ఫోనును నమ్ముకుని ఉండకూడదు. కరెంటు పోతే టవరు కూడా ఎన్ని గంటలు నిలుస్తుంది? ఊళ్ళో మైకు, రేడియో, పరుగెత్తుకొచ్చే పక్కింటి బాబాయి – ఇవన్నీ ఉండాలి.

చివరగా విద్యార్థి సంఘానికి ఒక చిన్న మనవి. మన ఇళ్ళల్లో మూలపడిన ఫోన్లు పోగుచేసి, శనివారాల్లో భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వాటిని విప్పడం, బాగుచేయడం నేర్చుకుందాం. లెక్చరర్లు అనుమతిస్తే మొదటి ఫోను నేనే తెస్తాను. దాని స్ట్రిప్పు మళ్ళీ తెగింది. ఈసారి గుడివాడ తీసుకెళ్ళకుండా నా చేత్తో అతికించాలని ఉంది.