పాత విద్యుత్ గిటారులు: కొనువాని విధి

విద్యుత్ గిటారును గూర్చి పాఠశాల పత్రికలో వ్యాసమేల యని కొందఱు పెద్దలు ప్రశ్నింపవచ్చును. మన బాలబాలికలు దాని నెట్లును వాయించుచునే యున్నారు. దేవాలయములోని పాటలకు సయితము అది తోడుగా వచ్చుచున్నది. పాత గిటారే కావలెనని పట్టుపట్టు విద్యార్థుల కొఱకును, వారికి బదులు చెప్పలేక చిక్కుపడు తలిదండ్రుల కొఱకును మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ వాద్యము అమెరికాలో పుట్టినది. 1930వ దశకపు తొలినాళ్లలో కాలిఫోర్నియాలో జార్జి బోషాం, అడాల్ఫ్ రికెన్‌బాకర్ అనువారు లాడము వంటి అయస్కాంతముల నడుమ తంతులు పోవునట్లు అమర్చి, తంతి కదలికను విద్యుత్తుగా మార్చిరి. దాని ఆకారమును జూచి జనులు ‘వేపుడు పెనము’ అని పిలిచిరి. 1950లో ఫులర్టన్ పట్టణమున లియో ఫెండర్ డొల్లలేని గట్టి కొయ్య గిటారులను అమ్మజొచ్చెను. ఆయన పెట్టిన బ్రాడ్‌కాస్టర్ అను పేరు వేఱొక కంపెనీవారి డ్రమ్ముల పేరును పోలినందున, 1951లో దానిని టెలికాస్టర్ అని మార్చవలసివచ్చెను. నడుమ కొన్ని నెలలు పేరు లేని గిటారులే వెలువడినవి. పేరు పోగొట్టుకొన్న ఆ వాద్యములకే నేడు మిక్కిలి గిరాకి!

గిబ్సన్ కంపెనీవారి లెస్ పాల్ గిటారు 1952లో వచ్చెను. 1958 మొదలు 1960 వఱకు ఎఱ్ఱని, పసుపుపచ్చని ఛాయలు కలిపి పూసిన లెస్ పాల్ గిటారులు సుమారు ఒకటిన్నర వేలు మాత్రమే చేసిరి. నాటి వెల మూడు వందల డాలర్ల లోపే. అయినను కొనువారు చాలినంతమంది లేక 1961 నాటికి కంపెనీవారు ఆ రూపమునే మార్చివేసిరి. నేడు వాని వెల లక్షల డాలర్లలో నున్నది. ఇంత ధనమున్న చోట మోసము రాకుండునా?

పాత గిటారును గుర్తించుట యనగా సంఖ్యను చదువుటయే యని పలువురు తలంతురు. మా యభిప్రాయమున అన్నిటికంటె బలహీనమైన సాక్షి యదియే. ఆనాటి ఫెండర్ గిటారుల సంఖ్య మెడ వెనుకనున్న లోహపు పలకపై నుండును. నాలుగు మరలు విప్పినచో ఆ పలక వేఱొక గిటారుకు పోగలదు. పైగా ఆ సంఖ్యలు వరుస తప్పక వేసినవియు కావు. మెడను విప్పి చూచినచో దాని మడమపై పలుమాఱు తేది కనబడును. లోపల, నాదమును హెచ్చించి తగ్గించు బిరడాల క్రింది భాగములపై ముద్రించిన అంకెలు ఇంకను ప్రయోజనకరములు. ఉదాహరణమునకు 304 6320 అని యున్నచో, 304 అనునది స్టాక్‌పోల్ కంపెనీ గుఱుతు. 63 అనగా 1963. 20 అనగా ఆ సంవత్సరపు ఇరువదవ వారము. అయితే ఆ భాగము గిటారు అంతకు ముందు పుట్టలేదని మాత్రమే చెప్పును. 1966లో చేసిన బిరడాలు తరువాతి సంవత్సరములలోని ఫెండర్ గిటారులలో పెక్కింట కనబడుచున్నవి. ఆ బిరడాలకు వేసిన టంకము ఎన్నడును కదలనిదా, కరగించి మరల వేసినదా యని చూడవలెను. అనవసరమైన మరచిల్లులు, పూడ్చిన రంధ్రములు ఏదో మార్పు జరిగినదని చెప్పును.

పూత సంగతి మఱియొకటి. ఆనాటి నైట్రోసెల్యులోజ్ పూత కాలక్రమమున సన్నని బీటలు వాఱి, అతినీలలోహిత దీపము క్రింద పచ్చని కాంతితో మెఱయును. తరువాత పూసిన చోటు సాధారణముగా ఆ కాంతిలో కలియక వేఱుగా నిలుచును. లెస్ పాల్ గిటారులపై ఎఱుపు వెలుతురు తగిలి వెలిసిపోయినను, మూతల క్రింద నిలిచియుండుట కలదు. గిబ్సన్ పికప్‌ల అడుగున పేటెంటు కొఱకు దరఖాస్తు చేసితిమను చిన్న చీటి 1957 నుండి అంటించుచుండిరి. అది నేడు నకలుగా దొరకుచున్నది గనుక చీటిని జూచి నమ్మరాదు.

వాయించువారికి మేము చెప్పునది యిది. సంతలో వెల నాదమునకు కాదు, మార్పు లేకుండుటకు. తిరిగి పూత వేసిన గిటారు వెల ఇంచుమించు సగమునకు దిగును. మఱి దాని స్వరము సగమైనదా? లేదు. అట్టిదానిని కొని వాయించువాడే మా దృష్టిలో తెలివిగలవాడు. గాజు పెట్టెలో పెట్టి చూపువానికి మిగిలినది విడిచిపెట్టుదము. విదేశము నుండి తెప్పించువారు మాత్రము ఒకటి గమనింపవలెను: బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్ కొయ్య 1992 నుండి అంతర్జాతీయ నిర్బంధమునకు లోబడినది. 1960వ దశకము మధ్యభాగము వఱకు చేసిన గిటారులలో మీట్ల పలక తఱచుగా ఆ కొయ్యదే. పిదప మన ఇరుగుడు కొయ్య దాని స్థానమున వచ్చెను. తగిన పత్రములు లేక తెచ్చినచో సుంకపు అధికారులు పట్టుకొనగలరు.

ఇక మమ్ము మిగుల బాధించు విషయము. ఒక వాద్యకాడు మరణించును. అతని భార్య మంచము క్రిందనున్న గిటారును పాత సామానులతో పాటు అమ్మజూపును. తెలిసినవాడు వచ్చి, అంకెలు చదివి, ముఖమున ఏమియు కనబడనీయక, ఆమె అడిగిన స్వల్ప ధనమిచ్చి పోవును. “నేర్చిన విద్యయే నా పెట్టుబడి, ఆమె అడిగిన వెలయే ఇచ్చితిని” అని వాని వాదము. వర్తకుని అంగడిలోనైతే ఈ వాదమును మేమంగీకరింతుము. అచ్చట ఇరువురును తెలిసి బేరమాడుదురు, వర్తకుడు పొరబడినచో అది వాని నష్టము. ఆ యింట అట్లు కాదు. ఆమె అతని నొక బేరగానిగా గాక, వస్తువు సంగతి తెలిసిన పెద్దమనుష్యునిగా లోనికి రానిచ్చినది. “దీనికి మంచి వెల వచ్చునా?” అని ఆమె అడిగినచో అతడేమనును? అడుగకున్నను ఆ ప్రశ్న అచ్చట నున్నదే.

“అమ్మా, ఇది విలువైనది కావచ్చును, ఇంకొక యిద్దఱికి చూపించి, పిదప నాతో మాటలాడుడు” అని చెప్పుటకు ఎంత సేపు పట్టును? ఆ మాట చెప్పినవానికి గిటారు దక్కక పోవచ్చును. అట్లు పోయినచో, పూత మార్చిన ఇంకొక గిటారును వెదకికొని హాయిగా వాయించుకొనవచ్చును.