ముందుగా పడడం నేర్పండి

సంజీవరెడ్డి నగర్‌కూ అమీర్‌పేటకూ నడుమ నేర్పని విద్య లేదని హైదరాబాదు వాసులు ఛలోక్తిగా అనుకోవడం కద్దు. మైత్రీవనం చుట్టుపక్కల గోడలు ఇందుకు సాక్ష్యం. జావా నుండి బ్యాంకు పరీక్షల వరకు, ఇన్ని రోజుల్లో నేర్పి పంపుతామనే కాగితాలు ఒకదానిపై ఒకటి అంటించి, కింది కాగితం చిరిగినా పైది నిలిచేంత దళసరిగా పేరుకుని ఉంటాయి. వాటి మధ్య అప్పుడప్పుడు ఒక కరాటే తరగతి ప్రకటన కనిపిస్తుంది. తెల్లని దుస్తులు, నడుముకు నల్లని పట్టీ, ఎదుటివాడి చెవిదాకా లేచిన కాలు, కింద పెద్ద అక్షరాలతో 'ఆత్మరక్షణ'. మరి కాలు అంత ఎత్తు లేవనివారి సంగతేమిటి? ఎదుటివాడి చెవి ఎక్కడుందో కనిపించనివారి సంగతేమిటి?

ఇది తీరికవేళ పుట్టిన ప్రశ్న కాదు. 1995 నాటి చట్టం ప్రభుత్వోద్యోగాలలో వికలాంగులకు 3 శాతం కేటాయిస్తే, 2016 నాటి హక్కుల చట్టం దానిని 4 శాతం చేసింది. గుర్తించిన వైకల్యాల సంఖ్యను ఏడు నుండి ఇరవై ఒకటికి పెంచింది. ఆ ఉద్యోగాల మీద ఆశతో పరీక్షల శిక్షణకై నగరానికి వచ్చి, ఇరుకు వసతిగృహాలలో తలదాచుకునే పిల్లలలో తెల్లకర్రతో నడిచేవారున్నారు, కాలికి కాలిపర్ తొడుక్కున్నవారున్నారు, సైగలతో మాట్లాడుకునేవారున్నారు. మెట్రో స్టేషనులో వారికి లిఫ్టు ఉంది, నేలపై పాదానికి తగిలే పసుపుపచ్చని పలకలున్నాయి. రోడ్డు మీదికి దిగిన తరువాత బండ్లు నిలిపిన కాలిబాట, మిర్చిబజ్జీల బండి, మూత లేని మురుగుగుంట. (2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో 'దివ్యాంగులు' అన్న మాటను సూచించినప్పటి నుండి వికలాంగులనాలా, దివ్యాంగులనాలా అన్న చర్చ సాగుతూనే ఉంది. దివ్యత్వం ప్రసాదించడం తేలిక. కాలిబాట ప్రసాదించడానికే ఖర్చవుతుంది. నేను పాత మాటనే వాడుతున్నాను.)

2019 నవంబరులో శంషాబాదు దగ్గర యువ పశువైద్యురాలిపై జరిగిన ఘోరం తరువాత ఆత్మరక్షణ శిబిరాల మాట మన పాఠశాలల్లో, కళాశాలల్లో బాగా వినపడింది. ఈ శిబిరాలలో సాధారణంగా చెప్పే పాఠానికి ఒక మూస ఉంది. శత్రువు అపరిచితుడు. సమయం రాత్రి. వాడు దూరం నుండి వస్తాడు, మీరు చూస్తారు. మోకాలితో ఇక్కడ పొడవండి, మోచేతితో అక్కడ కొట్టండి, ఆ తరువాత పరుగెత్తండి. ఈ పాఠంలోని ప్రతి మెట్టూ చూపును, వినికిడిని, రెండు కాళ్ళను అప్పటికే ఉన్నవిగా లెక్కవేసుకున్నది. వికలాంగులకని ప్రత్యేకంగా శిబిరం పెట్టినప్పుడైనా మూస మారదు. ఒకరోజు కార్యక్రమం, వెనుక బ్యానరు, ముందు వరుసలో అతిథులు, నాలుగు గుద్దులు, ఫోటోలు, బిస్కట్ పొట్లాలు. ఒక్కరోజులో గుద్దడం ఎవరికీ రాదు, ఇద్దరు కుస్తీవస్తాదుల కడుపున పుట్టినవాడికైనా రాదు.

కనబడకపోతే పోరాడలేరన్న నమ్మకం మన భాషకే పొసగదు. ధృతరాష్ట్ర కౌగిలి అన్న మాటను దినపత్రికల రాజకీయ వార్తలలో ఎన్ని వందలసార్లు చదివి ఉంటాము! యుద్ధం ముగిశాక, కొడుకులందరినీ పోగొట్టుకున్న ఆ ముసలి అంధుడు ఇనుప భీముణ్ణి పొడిపొడి చేసిన ఘట్టం నుండి పుట్టిన పలుకుబడి అది. మనం దాన్ని కపటానికి గుర్తుగా వాడుకుంటాము గాని, అందులోని మల్లవిద్యా సూత్రాన్ని గమనించము. ఒకసారి పట్టు చిక్కిన తరువాత కంటితో పని లేదు. ఎదుటివాడి బరువు ఏ కాలి మీదుందో, ఎటు తూలబోతున్నాడో చేతులే చెబుతాయి. కృష్ణుడికి ఈ సంగతి తెలుసు గనుకనే అసలు భీముణ్ణి అందనీయలేదు.

అంధుల జూడో నిలబడినది సరిగ్గా ఈ సూత్రం మీదనే. 1988లో సియోల్ పారాలింపిక్స్‌లో పురుషులకు, 2004లో ఏథెన్స్‌లో స్త్రీలకు చోటు దొరికిన ఈ క్రీడలో ప్రధానమైన మార్పు ఒక్కటే. ఇద్దరూ దూరాన నిలబడి ఒకరినొకరు వెతుక్కోరు. ఒకరి దుస్తులను ఒకరు పట్టుకున్న తరువాతనే పోటీ మొదలవుతుంది. పట్టు పూర్తిగా విడిపోతే న్యాయనిర్ణేత ఆపి, మళ్ళీ నడిమికి తెచ్చి పట్టు ఇప్పిస్తాడు. మిగిలినదంతా మామూలు జూడోయే. విసరడం విసరడమే, అదిమిపట్టడం అదిమిపట్టడమే. 2024 సెప్టెంబరు 5న ప్యారిస్‌లో మధ్యప్రదేశ్ సీహోర్ జిల్లాకు చెందిన కపిల్ పర్మార్ 60 కిలోల విభాగంలో కాంస్యం గెలిచాడు. పారాలింపిక్స్ జూడోలో మన దేశానికి అదే మొదటి పతకం. ఆ మధ్యప్రదేశ్‌లోనే సైట్‌సేవర్స్ అనే సంస్థ చూపు లేని అమ్మాయిలకు ఆత్మరక్షణ నిమిత్తం జూడో నేర్పిస్తూ వచ్చింది. పతకం సంగతి అందరికీ తెలిసింది. ఊళ్ళలో చాపలు పరచి ఆడపిల్లలకు పట్లు నేర్పిన సంగతి, నా దృష్టిలో, అంతకంటె పెద్దది.

దీనికి ఎదురుగా కరాటేను పెట్టి చూడండి. 2014లో జర్మనీలోని బ్రెమెన్ నగరంలో పారా కరాటేకు తొలి ప్రపంచ పోటీలు జరిగాయి. చూపు లేనివారు, చక్రాల కుర్చీవారు, బుద్ధిమాంద్యం గలవారు అని విభాగాలు. కాని పోటీ కటాలో మాత్రమే, అంటే ప్రత్యర్థి లేకుండా ఒంటరిగా చేసే కదలికల వరుసలో. కటా అందమైనదే, క్రమశిక్షణ నేర్పేదే. అయినా వికలాంగుల చేత ఎదుటిమనిషి లేని యుద్ధం చేయించి చప్పట్లు కొట్టడంలో మన సమాజానికి అలవాటైన ఒక సుఖం ఉందని నాకనిపిస్తుంది. మన వీధి కరాటే తరగతిలోకి ఎప్పుడైనా ఒక వికలాంగ బాలుణ్ణి చేర్చుకుంటే, వార్షికోత్సవం నాడు వేదిక మీద అతని చేత చేయించేదీ ఇదే.

జూడోలో మరొక విషయం ఉంది, దానికోసమే ఇదంతా వ్రాస్తున్నాను. అక్కడ మొదటి పాఠం కొట్టడం కాదు, పడడం. వీపు గుండ్రం చేయి, గడ్డం ఛాతీకి ఆనించు, తల నేలకు తగలనీయకు, చేతిని చాచి దాని మీద బరువంతా వేయకు, అరచేయి మొదలు మోచేయి వరకూ ఒక్కసారి చాపను చరిచి దెబ్బను పంచు. వారాల తరబడి ఇదే. మామూలు పిల్లలకు విసుగు. కాని పోలియో కాలుతోనో, కృత్రిమ పాదంతోనో, తెల్లకర్రతోనో ఎస్.ఆర్. నగర్ వీధుల్లో తిరిగేవారికి రోజువారీ శత్రువు రౌడీ కాదు, నేల. జారిపడి చేయి ఊని మణికట్టు విరగ్గొట్టుకున్నవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. పడితే ఏమవుతుందో అన్న భయమే చాలామందిని గదిలో కూర్చోబెడుతుంది. ఆ భయం సగం తగ్గినా, మనిషి నడిచే తీరు మారుతుంది. తడుముకుంటూ నడిచేవాడికి, ధైర్యంగా నడిచేవాడికి మధ్య తేడాను దొంగ కూడా పసిగడతాడు.

నేల తరువాతి శత్రువు సహాయం. అవును, సహాయమే. అమీర్‌పేట కూడలిలో చూపు లేని అమ్మాయి నిలబడితే ఎవరో ఒకరు వచ్చి, అడగకుండా, పైచేయి పట్టుకుని రోడ్డు దాటిస్తారు. ఆమె దాటాలనుకుందో లేదో తెలియదు. చాలామంది పుణ్యాత్ములే, కాని ఆ చేతుల్లో ఏ చేయి పుణ్యానిది, ఏ చేయి పాపానిది అన్నది ఆమె పట్టును బట్టే తేల్చుకోవాలి. అంధులకు నడక నేర్పే శిక్షకులు చెప్పే పద్ధతి ఇందుకు విరుద్ధం: చూపున్నవారు అంధుల చేయి పట్టుకోరాదు, అంధులే చూపున్నవారి మోచేతిని పట్టుకుని అరడుగు వెనుకగా నడవాలి. పట్టుకున్నది ఆమె కనుక, ఎప్పుడైనా విడిచే అధికారమూ ఆమెదే. అడగకుండా పట్టుకున్న చేతిని మర్యాదగా విడిపించుకుని, ఆ మనిషి మోచేతిని తాను అందుకోవడం ఒక చిన్న విద్య. మణికట్టు విడిపించుకునే జూడో కిటుకుకూ దీనికీ తేడా బలంలోనే తప్ప పద్ధతిలో లేదు. రెండూ ఒకే తరగతిలో నేర్పవచ్చు.

అపరిచితుణ్ణి ఊహించుకుని చేసే శిక్షణ ఎందుకు చాలదో తెలియాలంటే 2021 ఏప్రిల్ 27న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూడాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో జరిగిన నేరమది. బాధితురాలు పుట్టుకతో అంధురాలు, దళిత యువతి. దుండగుడు ఆమె అన్నదమ్ములకు పరిచయస్థుడు, ఇంటికి వచ్చిపోయేవాడు. సమయం ఉదయం, స్థలం ఆమె ఇల్లే. చీకటి సందు లేదు, అపరిచితుడు లేడు. ఆమె అతణ్ణి గొంతును బట్టి గుర్తించింది. న్యాయమూర్తులు డి.వై. చంద్రచూడ్, ఎం.ఆర్. షా ఆ గుర్తింపును అంగీకరించి, వికలాంగుల సాక్ష్యం ఇతరుల సాక్ష్యం కంటె ఏ విధంగానూ తక్కువ కాదని చెప్పి, అత్యాచార నేరానికి యావజ్జీవ శిక్షను స్థిరపరచారు. షెడ్యూల్డ్ కులాల చట్టం కింద పడిన శిక్షను మాత్రం నిలపలేదు. అది వేరే చర్చ.

శిక్షణ ఇచ్చేవారు ఈ తీర్పు నుండి గ్రహించవలసినవి నాకు కొన్ని కనిపిస్తున్నాయి. తెలిసినవాడికి, బంధువుకు, ఒకోసారి అన్నం పెట్టి స్నానం చేయించేవారికే 'వద్దు' అని గట్టిగా చెప్పడం మోకాలితో పొడవడం కన్నా కష్టం, కనుక దానినే ఎక్కువగా అభ్యాసం చేయించాలి. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకైతే ఇది మరీ అవసరం. చెప్పినట్లు వినడమే మంచితనమని వారికి మనమే ఏళ్ళ తరబడి నేర్పుతాము. గొంతెత్తి కేక వేయడం కూడా సాధన చేయవలసిన విద్యే. కరాటేలో ప్రతి గుద్దుతో వేసే కేకను చాలామంది అలంకారమనుకుంటారు. చట్టం తెలియజెప్పడం కూడా శిక్షణలో భాగమే: వైకల్యమున్న స్త్రీ లైంగిక నేరంపై ఫిర్యాదు చేయాలంటే పోలీసులే ఆమె ఇంటికో, ఆమె కోరిన చోటికో వచ్చి, అవసరమైతే సైగల భాష తెలిసినవారినో ప్రత్యేక ఉపాధ్యాయులనో కూర్చోబెట్టుకుని, వీడియో తీస్తూ నమోదు చేయాలి. 2013లో వచ్చిన ఈ నియమం 2024 జూలై నుండి అమలులో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ ఉంది.

ఇక తెల్లకర్రతో కొట్టడం. సినిమాల్లో బాగుంటుంది. మడిచే తెల్లకర్ర పల్చని గొట్టం, రెండో దెబ్బకు వంగుతుంది, ఆ తరువాత ఇంటికి వెళ్ళడానికి దారి చూపేదేదీ ఉండదు. చక్రాల కుర్చీ సంగతి వేరు. దాని బ్రేకులు బిగిస్తే అది నిలకడైన పీఠం, వదిలితే పాదాలు ఆనించే ఇనుప పలక ఎదుటివాడి మోకాలి కింది ఎముకకు సరిగ్గా అందుతుంది. ఏది ఎప్పుడన్నది అందులో కూర్చున్నవారితో కలిసి కనిపెట్టవలసిందే. నిలబడి నేర్పే గురువుకు అది తోచదు.

వేధించేవాణ్ణి వదిలి, బాధితుల మీదనే మరో బరువు మోపుతున్నారని ఒక ఆక్షేపణ ఉంది. అందులో న్యాయం ఉంది. రేపు ఏదైనా జరిగితే 'నేర్చుకున్నావుగా, ఏం చేశావు?' అని అడిగే నోళ్ళు మన ఊళ్ళో తక్కువేమీ కాదు. వైకల్యమున్నవారిని హింస నుండి కాపాడే బాధ్యతను 2016 చట్టంలోని ఏడవ సెక్షను ప్రభుత్వం మీదనే పెట్టింది, ఆ బాధ్యత ఎన్ని జూడో తరగతులు పెట్టినా తీరదు. కాని ఈ ఆక్షేపణ చేసేవారిలో ఎక్కువమంది తమ పిల్లలను సాయంత్రం కరాటేకు పంపుతున్నవారే. కొందరికి నేర్పదగినదిగా ఉన్న విద్య మరికొందరి దగ్గరకు వచ్చేసరికి బరువెలా అయిందో వారే చెప్పాలి.

ఇది చదివేవారిలో ఎస్.ఆర్. నగర్, బల్కంపేట, సనత్‌నగర్ ప్రాంతాల్లో ఇటువంటి తరగతులు నడిపేవారుంటే వారికొక విన్నపం. అంధ విద్యార్థుల దేవనార్ పాఠశాల బేగంపేటలో, మనకు కూతవేటు దూరంలో ఉంది. మేధో వైకల్యమున్నవారికోసం 1984లో మొదలైన జాతీయ సంస్థ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో ఉంది. నేర్పడానికి వెళ్ళే ముందు ఒకసారి ఊరికే చూడడానికి వెళ్ళండి. ప్రత్యేక శిబిరం వద్దు, సాయంత్రం ఆరు గంటల మామూలు తరగతిలోనే ఇద్దరినో ముగ్గురినో చేర్చుకోండి, ఫీజు తీసుకోండి. మిగతా పిల్లల కళ్ళకు వారానికొకసారి గంతలు కట్టి పట్టు పట్టించండి. ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలో వారికే తెలుస్తుంది. మీ హాలు మూడో అంతస్తులో, లిఫ్టు లేని మెట్ల పైన ఉంటే చాపలను కిందికి దింపండి. సెల్లారులో రెండు కార్లు తీయిస్తే పన్నెండు చాపలు పడతాయి.