కాపీ అయింది సరే... సరిచూశారా?

ఫొటోలన్నీ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించేశాం, ఇక లాప్‌టాప్‌లోవి డిలీట్ చేసేద్దాం అనుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి. ఫైళ్ల లెక్క, సైజు సరిపోయినా లోపల సరుకు పాడై ఉండొచ్చు. మేం ఆఫీసులో వాడే 'ఆర్‌సింక్' కూడా మామూలుగా సైజు, మార్చిన సమయమే చూస్తుంది. చెక్‌సమ్ ఆప్షన్ ఇస్తేనే ఫైలంతా చదివి పోలుస్తుంది.

విండోస్ వాళ్లు ఉచితంగా దొరికే 'విన్‌మెర్జ్'లో రెండు ఫోల్డర్లూ ఇచ్చి, 'ఫుల్ కంటెంట్స్' పద్ధతి ఎంచుకోండి. తేడా ఉన్నవీ, కాపీలో లేనివీ బయటపడతాయి. అయితే ముందు డిస్క్‌ని ఎజెక్ట్ చేసి మళ్లీ పెట్టండి. లేదంటే కంప్యూటర్ డిస్క్‌ని చదవకుండా, తన మెమరీలో మిగిలినదాన్నే చూసి ఓకే అనేయొచ్చు.

టైం పడుతుంది, పడనివ్వండి. తాతయ్య ఫొటో మళ్లీ తీయలేం కదా!