గడ్డ తీసేశారు కదా, ఇంకా పరీక్ష ఎందుకు?

"గడ్డ తీసేశారు కదా డాక్టరుగారూ, మళ్లీ దానికి పరీక్ష ఎందుకండీ?" అండాశయం ఆపరేషన్ అయ్యాక రోగి బంధువులు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఇది. మీ ఖర్చులు, ఇంటికి వెళ్లాలన్న తొందర మాకు తెలియనివి కావు. అయినా ఈ ఒక్క విషయంలో రాజీ పడకూడదని నా అభిప్రాయం.

అండాశయం చిన్న అవయవమే. కానీ అందులో పైపొర కణాలు, అండాలనిచ్చే కణాలు, హార్మోన్లు తయారుచేసే కణాలు అని ముఖ్యంగా మూడు రకాలు ఉంటాయి. వీటిలో దేని నుండైనా గడ్డ పుట్టవచ్చు. అరుదుగా ఒకే స్త్రీకి రెండు వేర్వేరు రకాల గడ్డలు ఒకేసారి వస్తాయి. కుడివైపు ఒకటి, ఎడమవైపు మరొకటి ఉండవచ్చు. ఒకే అండాశయంలో పక్కపక్కనే ఉండి, ఒకదానిలో ఒకటి కలవకుండా కూడా పెరగవచ్చు. వీటిని కొలిజన్ ట్యూమర్లు అంటారు. కొవ్వు, వెంట్రుకలు, ఒక్కోసారి పళ్లు కూడా ఉండే డెర్మాయిడ్ గడ్డ పక్కనే జిగురు ద్రవంతో నిండిన మ్యూసినస్ గడ్డ ఉండడం ఇందుకు ఉదాహరణ.

స్కానింగులో కొవ్వు, వెంట్రుకలు కనబడగానే "డెర్మాయిడే, భయం లేదు" అనుకుంటాము. నిజమే, డెర్మాయిడ్లలో క్యాన్సరుగా మారేవి నూటికి ఒకటి రెండే. అయితే పక్కనున్న రెండో గడ్డ ఎలాంటిదో స్కానింగుగానీ, సీఏ-125 రక్తపరీక్షగానీ తేల్చి చెప్పలేవు. పాథాలజిస్టు గడ్డను కోసి, పలుచోట్ల నుండి ముక్కలు తీసి, మైక్రోస్కోపు కింద చూస్తేనే తెలుస్తుంది. రెండింటిలో ఒకటి క్యాన్సరైతే తదుపరి చికిత్స దానినిబట్టే ఉంటుంది.

కనుక తీసిన గడ్డ మొత్తం పరీక్షకు వెళ్లాలి. రిపోర్టు వచ్చేసరికి నొప్పి తగ్గిపోతుంది, చాలామంది తిరిగి రారు. తప్పంతా వారిదే అనను. రిపోర్టు ఏ రోజు వస్తుందో, ఎవరు వివరిస్తారో డిశ్చార్జి కాగితం మీద రాసి ఇవ్వవలసినది మేమే. రాయకపోతే మొహమాటపడకుండా అడగండి.

రిపోర్టులో రెండు పేర్లు కనబడితే కంగారుపడకండి. రెండూ హాని లేనివే కావచ్చు. ఒక్కొక్క పేరుకూ అర్థం అడిగి తెలుసుకుని, ఆ కాగితం భద్రపరచుకోండి. అది చేతికి అందేవరకు వైద్యం పూర్తయినట్లు కాదు.